డిసెంబరులో ఉత్తర నార్వేకి వెళ్తే రోజంతా చీకటేనా?

కాదు, సూర్యుడు కనిపించకపోయినా మధ్యాహ్నం అటూ ఇటూగా కొన్ని గంటలు బయట హాయిగా తిరగడానికి సరిపడా వెలుతురు ఉంటుంది. భూమి అక్షం దాదాపు 23.4 డిగ్రీలు వంగి ఉండటంతో, నడి చలికాలంలో ఆర్కిటిక్ వలయానికి (ఉత్తర ధ్రువం చుట్టూ గీసే ఊహారేఖకి) పైన సూర్యుడు దిగంతం దాటి పైకి రాడు. అయితే మరీ లోతుకు పోడు. అతని కాంతి పైనున్న గాలిలో చెదిరి నేలకు చేరుతుంది, తెల్లవారుజామున సూర్యుడు రాకముందే వెలుతురు వచ్చినట్టు.

ఉత్తర నార్వేలోని ట్రోమ్సో నగరాన్నే తీసుకోండి. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యోదయం ఉండదు. కానీ డిసెంబరు 21 మధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 3 డిగ్రీలే కింద ఉంటాడు. ఆ నీలి వెలుగు మంచు మీద పడితే చూడటానికే వెళ్లొచ్చు! ఇంకా ఉత్తరాన ఉన్న నార్వే దీవుల సముదాయం స్వాల్‌బార్డ్‌లో మాత్రం నిజంగానే చీకటి.

చాలామంది పొరబడేది ఇంకోచోట: రాత్రి పొడవు కాబట్టి ధ్రువకాంతులు (రాత్రి ఆకాశంలో మెరిసే రంగురంగుల వెలుగులు) తప్పక కనిపిస్తాయనుకుంటారు. మబ్బు పడితే ఏమీ కనిపించదు. అందుకే ఒక్క రాత్రికే ప్లాన్ చేసుకోకండి, కనీసం మూడు నాలుగు రాత్రులు ఉంచుకోండి.