కరెంటు కంపెనీలు ఈఆర్‌సీ మీద కోర్టుకు వెళ్లే హక్కు తీసేస్తే మన బిల్లు తగ్గుతుందా?

ఈఆర్‌సీ, అంటే కరెంటు రేట్లు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ కమిషన్, ఒక రేటు తేల్చాక కంపెనీలను కోర్టుకు ఎందుకు వెళ్లనివ్వాలి, ఆ దారి మూసేస్తే మనకు మేలు కదా అని అడిగారు. మేలు కాదండీ. నేనూ ఒకప్పుడు అచ్చం మీలాగే అనుకునేవాణ్ణి. రాజాం దగ్గర ఒక రైసు మిల్లు షావుకారు గారి దగ్గర పద్నాలుగేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. నెలనెలా కరెంటు బిల్లు ముందు నా బల్ల మీదకే వస్తుంది.

2021 సెప్టెంబరులో ఆ బిల్లులో ‘ట్రూ అప్’ అని కొత్త వరుస కనపడింది. 2014–19 మధ్య కాలిన యూనిట్ల మీద, ముందు వేసిన లెక్కకూ అసలు అయిన ఖర్చుకూ ఉన్న తేడా ఇప్పుడు కట్టాలట. షావుకారు గారు ఆ మిల్లు లీజుకు తీసుకున్నదే 2019 చివర్లో. బిల్లు కాగితం రెండుసార్లు తిరగేసి, “ఎవరో ఆడించిన ధాన్యానికి మనం డబ్బులు కట్టడమేంటయ్యా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఆ ఉత్తర్వుకు ముందు బహిరంగ ప్రకటన ఇవ్వలేదన్న లోపం బయటపడింది. కమిషనే దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ అభ్యంతరాలు పిలిచింది. మేము రెండు పేజీలు టైపు చేయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. విచారణ రోజు సర్కిల్ ఆఫీసుకు వెళ్లి వీడియో కాన్ఫరెన్స్‌లో కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత నా పేరు పిలిచారు. నాలుగు నిమిషాలు మాట్లాడేసరికి గొంతు ఎండిపోయింది. మా వాదన నిలబడలేదు, బాకీ సర్వీసు నంబరుతో పాటే వస్తుందన్నారు. 2022లో ఆ చార్జీ మళ్లీ బిల్లెక్కింది.

అప్పుడు విజయనగరంలో ఒక లాయరు గారిని కలిశాను. ఆయన విద్యుత్ చట్టం 2003 తీసి, 111వ సెక్షన్ కింద పెన్సిలుతో గీత గీసి చూపించారు. కమిషన్ ఉత్తర్వు వల్ల నష్టపోయిన ‘ఏ వ్యక్తి అయినా’ ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చని ఉంది. అక్కడ కంపెనీ అన్న మాట లేదు. అంటే మీరు మూసేయమంటున్న తలుపు మనది కూడా. ట్రైబ్యునల్ తీర్పు మీద 125వ సెక్షన్ కింద 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు, కానీ చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉంటేనే. కమిషన్ చేసిన నిబంధనే తప్పని అనాలంటే మాత్రం ట్రైబ్యునల్ వినదు, హైకోర్టుకు పోవాలి. 2010లో పీటీసీ ఇండియా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది ఇదే.

కంపెనీలకు కోర్టు దారి ఎందుకు ఉండాలో మన రాష్ట్రమే చూపించింది. 2019 జూలైలో పవన, సౌర విద్యుత్ ఒప్పందాలను తిరగదోడటానికి జీవో వచ్చింది. ఆ వెంటనే రేటు యూనిట్‌కు 2 రూపాయల 43, 44 పైసలకు తగ్గించుకోమని ఉత్పత్తిదారులకు లేఖలు వెళ్లాయి. పవన విద్యుత్ ఒప్పందాలు చాలావరకు 4 రూపాయల 80 పైసల పైన ఉన్నవి. వాళ్లు హైకోర్టుకు వెళ్లారు. ఆ సెప్టెంబరులో సింగిల్ జడ్జి జీవోనూ లేఖలనూ కొట్టేశారు, అయితే రేటు సంగతి ఈఆర్‌సీలో తేల్చుకోమని, అప్పటిదాకా ఆ తక్కువ రేటే ఇవ్వమని అన్నారు. దాని మీద అప్పీలుకు వెళ్తే 2022 మార్చి 15న డివిజన్ బెంచి ఒప్పందం ప్రకారమే బకాయిలు ఆరు వారాల్లో కట్టమంది. ఆ రేట్లు ఎక్కువని నాకూ అనిపిస్తుంది. కానీ సంతకం పెట్టిన కాగితానికి విలువ లేదంటే రేపు మనకు కరెంటు అమ్మేవాడు ఆ భయాన్ని కూడా రేటులో కలుపుకుంటాడు.

ఇదే అప్పీలు దారిలో వినియోగదారుల తరఫున గెలిచినవాళ్లూ ఉన్నారు. ఇండోనేషియా బొగ్గు ధర పెరిగింది, మాకు పరిహారం కావాలని పెద్ద విద్యుత్ కంపెనీలు అడిగితే, ఎనర్జీ వాచ్‌డాగ్ అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విదేశంలో ధర పెరగడం ఒప్పందం నుంచి తప్పించుకోవడానికి కారణం కాదని 2017 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. మన సోంపేట సంగతి వేరే చట్టం కిందది, అయినా గుర్తు చేయకుండా ఉండలేను. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని జనం పోరాడారు. 2010 జూలై 14న బీల అనే చిత్తడి నేల దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషులు పోయిన రోజే, ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని అప్పటి జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. అనుమతి ఇచ్చిన వాళ్ల మీద అప్పీలు చేసుకునే చోటంటూ లేకపోతే ఆ రద్దు ఎక్కడి నుంచి వచ్చేది?

నాకు కోపం వచ్చేది ఈ హక్కు మీద కాదు, దాన్ని వాడుకోవడంలో ఉన్న తేడా మీద. ట్రైబ్యునల్‌లో అప్పీలు ఫీజే లక్ష రూపాయలు. పెద్ద కంపెనీకి అదొక లెక్క కాదు. మేము మాత్రం ఫీజు, ఢిల్లీ ఖర్చు, మా బిల్లులో పడే మొత్తం పక్కపక్కన వేసి చూసుకుని ఆగిపోయాం. పైగా కేసు ఏళ్ల తరబడి నడిచి కంపెనీ గెలిస్తే, ఆ తేడా వడ్డీతో సహా మళ్లీ మన బిల్లులోకే వస్తుంది. అడగాల్సింది వినియోగదారుడికి ఫీజు తగ్గించమని, కేసులు త్వరగా తేల్చమని.

మీది ఆమదాలవలస అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. డిస్కంలు, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే కంపెనీలు, వచ్చే ఏడాది లెక్కలు నవంబరు చివరికి కమిషన్‌కు ఇస్తాయి, ఆ తర్వాత పేపర్లో ప్రకటన పడుతుంది. అభ్యంతరం ఒక కాపీ డిస్కంకు, ఒక కాపీ కమిషన్‌కు పంపండి, పోస్టాఫీసు రసీదు జాగ్రత్తగా దాచండి. అప్పీలులో ముందుగా చూసేది కింద విచారణలో ఎవరు ఏం రాసి ఇచ్చారన్నదే. ఉత్తర్వు కాపీ చేతికొచ్చిన తేదీ కూడా రాసి పెట్టుకోండి, ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవడానికి ఉన్న 45 రోజుల గడువు ఆ రోజు నుంచే మొదలవుతుంది.