లావు స్లాబ్ అక్షరాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పోస్టర్‌కు బాగా లావైన ఇంగ్లీషు స్లాబ్ సెరిఫ్ ఫాంట్ ఎంచుకున్నాను. హెడ్డింగ్ బాగా వచ్చింది. కింద అదే ఫాంటులో వేసిన చిరునామాలో మాత్రం చిన్నబడి 'ఈ', 'ఏ', 'ఎస్' లోపలి ఖాళీలు పూడుకుపోయాయి. తప్పు ఫాంటుదా, ప్రెస్సుదా?

జవాబు: రెండిటిదీ కాదు, సైజుది. స్లాబ్ రకంలో గీతల కొసన ఉండే అడ్డపట్టీ (దీన్నే సెరిఫ్ అంటారు) దాదాపు నిలువు గీతంత మందంగా ఉంటుంది. బరువు, అంటే గీతల లావు, పెంచేకొద్దీ ఆ మందమంతా లోపలి ఖాళీని తింటుంది. చిన్నబడి 'ఈ'లో కొద్దిపాటి ఎత్తులోనే మూడు అడ్డగీతలు ఇమడాలి కాబట్టి మొదట దెబ్బతినేది అదే. పైగా సిరా కాగితం మీద పడగానే అంచులు దాటి కాస్త పాకుతుంది. కోటింగ్ లేని కాగితమైతే మరీ ఎక్కువ.

ఫైలు పంపేముందు అర పాయింటు, అంటే సుమారు 0.18 మి.మీ. మందం గీత ఒకటి గీసి, అక్షరంలోని అతి ఇరుకు ఖాళీలో పెట్టి చూడండి. పట్టకపోతే ఆఫ్‌సెట్‌లో పూడే ప్రమాదం ఉంది. స్క్రీన్ ప్రింటింగ్‌కైతే ఒక పాయింటు గీతతో చూడాలి. పట్టని చోట అదే ఫాంటు కుటుంబంలో తక్కువ బరువు వాడండి, లేదా చిరునామాను కొసల్లో పట్టీలు లేని మామూలు సాన్స్ సెరిఫ్‌లో పెట్టండి. మేమైతే రెండోదే చేస్తాం. ఇంత లావు అక్షరం పెద్ద సైజు కోసం పుట్టింది, దాన్ని 10 పాయింట్లకు దించడం అన్యాయం.

నల్ల నేల మీద తెల్ల అక్షరాలకు లెక్క తిరగబడుతుంది. సిరా బయటి నుంచి అక్షరంలోకి పాకుతుంది, సన్న సెరిఫ్‌లు ఉన్న ఫాంట్లు అక్కడే తెగిపోతాయి. లావు స్లాబ్ మాత్రం దిట్టంగా నిలుస్తుంది. అయితే ఆ నలుపును నాలుగు రంగులు కలిపి చేయించకండి. ప్లేట్లు కొద్దిగా జరిగినా చిన్న అక్షరాల అంచుల్లో రంగు తొంగిచూస్తుంది. నలుపు ఒక్కటే చాలు.

ప్రశ్న: క్లారెండన్, రాక్‌వెల్ రెండూ స్లాబ్ సెరిఫ్‌లే కదా, ఏది ఎక్కడ వాడాలి?

జవాబు: పట్టీ, నిలువు గీత కలిసే మూల చూడండి. 1845లో లండన్‌లో రాబర్ట్ బెస్లీ అచ్చక్షరాల ఫౌండ్రీ విడుదల చేసిన క్లారెండన్‌లో ఆ మూల వంపు తిరిగి ఉంటుంది, గీతల మందంలోనూ కొంత తేడా ఉంటుంది, చిన్నబడి 'ఏ', 'సీ', 'ఆర్' కొసల్లో గుండ్రటి బొడిపెలుంటాయి. 1934 నాటి మోనోటైప్ కంపెనీ వారి రాక్‌వెల్‌లో మూల నిక్కచ్చిగా లంబంగా ఉంటుంది, 'ఓ' దాదాపు పూర్తి వృత్తం, పెద్దబడి 'ఏ' శిఖరం మీద కూడా పట్టీ ఉంటుంది. ఆప్యాయత, పాతకాలపు నిండుదనం కావాలంటే క్లారెండన్. యంత్రాలు, కట్టడాలు, ఆటల పోటీల వంటివాటికి రాక్‌వెల్ తరహా. రెండూ ఒకే పేజీలో వద్దు, పోట్లాడుకుంటాయి.

ప్రశ్న: పెద్దబడి అక్షరాల్లో రెండు వరుసల హెడ్డింగ్ పెడితే చెల్లాచెదురుగా కనిపిస్తోంది. అక్షరాల ఎడం తగ్గిస్తే పట్టీలు అతుక్కుంటున్నాయి.

జవాబు: ముందు వరుసల మధ్య ఖాళీ తగ్గించండి. 72 పాయింట్ల సైజులో పెద్దబడి అక్షరం ఎత్తు సాధారణంగా 50 పాయింట్ల చుట్టుపక్కల ఉంటుంది. లీడింగ్ (ఒక వరుస అడుగు నుంచి తర్వాతి వరుస అడుగుకు దూరం) 64 పెడితే వరుసల మధ్య 14 పాయింట్లు మిగులుతుంది. బాగా లావైన అక్షరంలో నిలువు గీత మందమూ ఇంచుమించు అంతే కాబట్టి నలుపు, తెలుపు సరితూగుతాయి. ఇక్కడ చాలామంది మరిచిపోయేది పదాల మధ్య ఎడం. అది మామూలుగా సైజులో పావు వంతు, అంటే 18 పాయింట్లు. వరుసల ఎడం కన్నా అదే ఎక్కువైతే కన్ను పక్క పదానికి పోకుండా కింది వరుసలోకి జారుతుంది. దాన్ని 75 శాతానికి తగ్గించండి.

తర్వాత ట్రాకింగ్, అంటే అక్షరాలన్నిటి మధ్య ఎడం, మైనస్ 10, మహా అయితే మైనస్ 20. అంతకు మించితే 'హెచ్', 'ఐ' లాంటి నిలువు అక్షరాల పట్టీలు ఒకదానికొకటి తగిలి, పదం కింద నల్లటి గీత గీసినట్టవుతుంది. మిగతాది కెర్నింగ్‌తో జతజతగా చూసుకోవాలి: 'ఎల్‌'-'టీ', 'ఏ'-'వీ' మధ్య తగ్గించండి, 'ఐ' పక్కన కొద్దిగా పెంచండి. లోగోలో పట్టీలు కలవాలనుకుంటే పూర్తిగా కలిపేయండి. తగిలీ తగలనట్టుంటే పొరపాటుగానే కనిపిస్తుంది.

ప్రశ్న: వెబ్‌సైట్ హెడ్డింగుల్లో ఆల్ఫా స్లాబ్ వన్ పెడితే అక్షరాలు ఉబ్బి, మసకగా కనిపిస్తున్నాయి.

జవాబు: ఆ ఫాంటుకు ఉన్నది ఒక్కటే బరువు, 400. బ్రౌజర్ హెడ్డింగును తనంతట తానే బోల్డ్ చేయాలనుకుంటుంది. బోల్డ్ ఫైలు దొరకక ఉన్న అక్షరాన్నే సాగదీసి లావు చేస్తుంది. సైటు సీఎస్ఎస్‌లో హెడ్డింగుకు ఫాంట్-వెయిట్ 400 అని రాయండి, సరిపోతుంది. పేరాగ్రాఫులకు మాత్రం ఈ ఫాంటు వద్దు.

ప్రశ్న: చెక్కలో రౌటర్‌తో (తిరిగే బిట్‌తో చెక్కను కోసే యంత్రంతో) అక్షరాలు కోయించాలి. స్లాబ్ సరిపోతుందా?

జవాబు: భేషుగ్గా. సన్న సెరిఫ్ చెక్కలో విరుగుతుంది, స్లాబ్ నిలుస్తుంది. 1827లో డేరియస్ వెల్స్ న్యూయార్క్‌లో రౌటర్‌తో చెక్క అచ్చు అక్షరాలు కోయడం మొదలుపెట్టాక పోస్టర్లలో ఈ రకం రాజ్యమేలడానికి అదొక కారణం. ఒక్క జాగ్రత్త: 6 మి.మీ. బిట్ వాడితే లోపలి మూలలన్నీ 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రబడతాయి. రాక్‌వెల్ మూలలు అక్కడ మొద్దుబారతాయి. క్లారెండన్ మూలల్లో వంపు ఎలాగూ ఉంది కాబట్టి తేడా తక్కువ తెలుస్తుంది. ఇరుకు మూలలకు 3 మి.మీ. బిట్‌తో రెండోసారి తిప్పించండి.