పాఠకుల ప్రశ్నలు: క్యాష్ దానంతటదే ఖాళీ అవుతుందా?

ప్రశ్న: హనుమకొండ చౌరస్తా దగ్గర నాకు జిరాక్స్ సెంటర్ ఉంది. ప్రింటు కోసం వచ్చేవాళ్లందరూ కాగితాలను నా వాట్సాప్‌కే పంపుతారు. 64 జీబీ ఫోన్ వారానికోసారి స్టోరేజీ నిండిపోయిందంటోంది. మా బావమరిది చెప్పినట్టు రోజూ రాత్రి దుకాణం బంద్ చేసే ముందు ఒక్కొక్క యాప్‌లోకి వెళ్లి క్యాష్ తీసేస్తున్నాను. రెండు రోజులకే మళ్లీ నిండుతోంది. ఈ పనిని ఫోన్ దానంతటదే చేసుకునేలా పెట్టే వీలుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు అడుగుతున్న పనిని మీ ఫోన్ ఇప్పటికే చేస్తోంది. నిండిపోవడానికి కారణం మాత్రం, మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, క్యాష్ కాదు. ముందు ఈ రెండింటినీ విడదీసి చూద్దాం.

క్యాష్ అంటే ఏమిటో చెప్పడానికి మీ దుకాణమే మంచి పోలిక. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాల దరఖాస్తు ఫారాలను ఎవరైనా అడిగినప్పుడల్లా మీరు కంప్యూటర్‌లో వెతికి ప్రింటు తీయరు. పొద్దున్నే ఓ యాభై తీసి కౌంటరు కింద పెట్టుకుంటారు. యాప్‌లు చేసేదీ అదే. ఒకసారి ఇంటర్నెట్ నుంచి తెచ్చిన బొమ్మలను, పేజీలను, పాటల ముక్కలను మళ్లీ తెచ్చుకునే పని లేకుండా ఫోన్‌లో ఓ పక్కన పెట్టుకుంటాయి. (గల్లాపెట్టెలోని క్యాష్‌కూ దీనికీ పలుకు ఒకటే గానీ చుట్టరికం లేదు. ఇది దాచిపెట్టడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది.) రోజూ రాత్రి మీరు చేస్తున్న పని కౌంటరు కింద మిగిలిన ఫారాలన్నీ చించి పారేసి, తెల్లవారి మళ్లీ ప్రింటు తీయడం లాంటిది. కాగితం ఖర్చుకు బదులు ఇక్కడ మొబైల్ డేటా, బ్యాటరీ ఖర్చవుతాయి. పైగా క్యాష్ తీసేశాక యాప్ మొదటిసారి తెరుచుకోవడానికి మామూలుకన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది.

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ క్యాష్ పెట్టుకోవడానికి విడిగా ఒక చోటు ఉంటుంది. అక్కడ పెట్టిన ఫైళ్లను వ్యవస్థ తనకు అవసరమైనప్పుడు చెప్పకుండానే తొలగిస్తుందన్న షరతుకు లోబడే యాప్‌ను తయారుచేసినవారు అక్కడ ఫైళ్లు పెడతారు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ ఏర్పాటు మరింత పద్ధతిగా మారింది. మీరు ఏ యాప్‌ను ఎంతగా వాడుతున్నారన్నదాన్ని బట్టి దాని క్యాష్‌కు ఒక వాటా నిర్ణయమవుతుంది. చోటు చాలనప్పుడు వాటాకు మించి పేర్చుకున్న యాప్‌ల క్యాష్ ముందుగా పోతుంది. అంతకుముందు సెట్టింగ్స్‌లో అన్ని యాప్‌ల క్యాష్‌నూ ఒక్క దెబ్బతో తుడిచే మీట ఉండేది. ఆ వెర్షన్‌తోనే దాన్ని తీసేశారు. అది పోయిందని అప్పట్లో చాలామంది గోల చేశారు గానీ, ఆ నిర్ణయం సబబేనని నా అభిప్రాయం. 2021 నాటి ఆండ్రాయిడ్ 12తో ఇంకో సౌకర్యం తోడైంది. కొన్ని నెలలపాటు తెరవని యాప్‌ను ఫోన్ నిద్రపుచ్చి, దానికిచ్చిన అనుమతులను వెనక్కి తీసుకుని, దాని క్యాష్‌ను కూడా తొలగిస్తుంది. ప్రతి యాప్ వివరాల పేజీ అడుగున, వాడని యాప్‌కు సంబంధించిన మీట ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఆపేయకుండా ఉంటే చాలు.

ఇక మీ అసలు సమస్యకు వద్దాం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' కింద ఉన్న 'మేనేజ్ స్టోరేజ్' తెరవండి. ఏ చాట్ ఎంత చోటు తింటోందో వరుసగా కనిపిస్తుంది. 5 ఎంబీ దాటిన ఫైళ్లను విడిగా చూపిస్తుంది కనుక పెద్దవాటిని ముందు తీసేయవచ్చు. అక్కడ మీకు ఎదురయ్యేవి ఆధార్ ప్రతులు, హాల్ టికెట్లు, పాస్ పుస్తకాల ఫొటోలు, పెళ్లి పత్రికల పీడీఎఫ్‌లు అయి ఉంటాయి. అవి క్యాష్ కాదు, మీకు అందిన ఫైళ్లు. ఎన్నిసార్లు క్యాష్ క్లియర్ చేసినా వాటిలో ఒక్కటి కూడా కదలదు. చోటు సంగతి అటుంచితే, ముక్కూ మొహం తెలియని వందలాది మంది గుర్తింపు కార్డులు మీ జేబులో తిరుగుతున్నాయి. ఆ ఫోన్ రేపు ఏ బస్టాండులోనో జారిపోతే మాట పడాల్సింది మీరే. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే 'మాస్క్‌డ్' ప్రతి సరిపోయే పనులకు అదే పంపమని వచ్చినవారికి చెప్పండి.

స్వయంచాలకంగా తొలగించే ఏర్పాటు చేయాల్సింది ఈ ఫైళ్లకు. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో 'డీఫాల్ట్ మెసేజ్ టైమర్' ఉంటుంది. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అన్న మూడు గడువులలో మీరు 24 గంటలు ఎంచుకుంటే, ఆ తర్వాత కొత్తగా మొదలయ్యే ప్రతి వ్యక్తిగత చాట్‌లోని సందేశాలు మరునాటికి మాయమవుతాయి. పాత చాట్‌లకు ఇది వర్తించదు కనుక ఇంట్లోవాళ్ల ముచ్చట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అయితే ఒక మెలిక ఉంది. ఆటో డౌన్‌లోడ్ నడుస్తున్నప్పుడు వచ్చిన ఫొటోలు చాట్‌లోంచి పోయినా ఫోన్‌లో మిగిలిపోవచ్చు. అందుకని 'మీడియా ఆటో డౌన్‌లోడ్' కింద మొబైల్ డేటాకు, వైఫైకి విడివిడిగా ఉన్న గుర్తులన్నీ తీసేయండి. ఇకమీదట కాగితాలను ఫోన్‌లో కాకుండా దుకాణంలోని కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి దించుకుని ప్రింటు తీయండి. అప్పుడు అవి కంప్యూటర్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో చేరతాయి. విండోస్ 10లోనూ 11లోనూ ఉన్న 'స్టోరేజ్ సెన్స్' ఆ ఫోల్డర్‌లో 1, 14, 30 లేదా 60 రోజులుగా తెరవని ఫైళ్లను తానే తొలగించగలదు. మామూలుగా ఇది ఆపేసి ఉంటుంది, మీరే ఆన్ చేసి గడువు పెట్టాలి. మీ సొంత ఫైళ్లేవైనా డౌన్‌లోడ్స్‌లో ఉంటే ముందుగా వేరే చోటికి మార్చుకోండి. లేకపోతే జీఎస్టీ కాగితాలు కూడా దాంతోపాటే పోతాయి.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో మాది మిర్చి అడ్తి. సరుకు ఫొటోలు పంపుకోవడానికి ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. 'మీ ఫోన్‌లో 12 జీబీ చెత్త ఉంది' అని ప్రకటన వస్తే ఒక క్లీనర్ యాప్ వేసుకున్నాను. గంటకోసారి తానే శుభ్రం చేస్తానంటోంది గానీ, 'యాక్సెసిబిలిటీ' అనుమతి ఇమ్మని అడుగుతోంది. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇవ్వకండి. ఈ ఫోన్‌తోనే మీరు రైతులకు డబ్బు కూడా పంపుతూ ఉంటారు కాబట్టి అసలే ఇవ్వకండి.

ఒక యాప్ ఇంకో యాప్ క్యాష్‌ను తొలగించే దారిని ఆండ్రాయిడ్ 2015లోనే, 6వ వెర్షన్‌తో, బయటి యాప్‌లకు మూసేసింది. ఆ అధికారం వ్యవస్థకూ, ఫోన్ తయారీదారు ముందే వేసి ఇచ్చే యాప్‌లకూ మాత్రమే మిగిలింది. దొడ్డిదారి ఒకటి ఉంది. చూపు సరిగా లేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించడానికి, వేళ్లు సరిగా ఆడనివారి బదులు మీటలు నొక్కడానికి ఉద్దేశించిన యాక్సెసిబిలిటీ సేవను చేజిక్కించుకుంటే, క్లీనర్ యాప్ మీ తరఫున సెట్టింగ్స్ తెరిచి ఒక్కొక్క యాప్ దగ్గరా 'క్లియర్ క్యాష్' నొక్కుకుంటూ పోగలదు. అంటే మొదటి ఉత్తరంలో హనుమకొండ పాఠకుడు వేలితో చేస్తున్న పనినే ఇది కనిపించని వేలితో చేస్తుందన్నమాట. చిక్కంతా ఆ వేలితోనే. తెర మీద కనిపించేదాన్ని చదవగలిగి, మీటలు నొక్కగలిగిన యాప్, బ్యాంకు యాప్ తెరిచి ఉన్నప్పుడు కళ్లు మూసుకుంటుందన్న భరోసా ఎవరిస్తారు? వాట్సాప్‌లో పెళ్లి పత్రికల పేరిట, ప్రభుత్వ పథకాల పేరిట తిరిగే దొంగ ఏపీకే ఫైళ్లలో (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను ఫోన్‌లో వేసే ఫైళ్లు) చాలావాటికి కావలసింది ఈ ఒక్క అనుమతే. క్లీనర్ యాప్‌లన్నీ దొంగవని నేననడం లేదు. ఆ అనుమతి చేతికిచ్చాక మంచిదేదో చెడ్డదేదో తేల్చుకునే సాధనం మాత్రం మన దగ్గర లేదు.

మన దేశం 2020 జూన్ 29న నిషేధించిన 59 చైనా యాప్‌ల జాబితాను మళ్లీ ఒకసారి చూడండి. అందరికీ టిక్‌టాక్ ఒక్కటే గుర్తుండిపోయింది గానీ, క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్, వైరస్ క్లీనర్ లాంటి శుభ్రపరిచే యాప్‌లు అందులో వరసగా ఉన్నాయి.

గంటకోసారి శుభ్రం చేయడంలో ఒరిగేదీ లేదు. తీసేసిన క్యాష్‌ను యాప్‌లు వెంటనే మళ్లీ తెచ్చుకుంటాయి. 'ర్యామ్ బూస్ట్' పేరుతో వెనక నడిచే యాప్‌లను చంపితే అవి మళ్లీ లేస్తాయి, బ్యాటరీ ఇంకాస్త తగ్గుతుంది. అసలు ర్యామ్ వేరు, స్టోరేజీ వేరు. ర్యామ్ అంటే నడుస్తున్న యాప్‌లు పని చేసుకునే తాత్కాలిక జాగా, స్టోరేజీ అంటే ఫైళ్లు దాచుకునే చోటు. ఇటీవల వాడిన యాప్‌లను పైకి తోసేస్తే క్యాష్ పోతుందనుకునేవారు కూడా నాకు తరచుగా రాస్తుంటారు. దానితో ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు.

పొరపాటున అనుమతి ఇచ్చి ఉంటే ముందు సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో దాన్ని ఆపి, తర్వాత యాప్‌ను తీసేయండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. శుభ్రం చేసే యాప్ కావాలనే అనుకుంటే ఫోన్‌తో వచ్చినదో, గూగుల్ 'ఫైల్స్' యాపో చాలు. 'ఫైల్స్'లో తొలగించినవి 30 రోజులపాటు ట్రాష్‌లోనే ఉంటాయి. దాన్ని కూడా ఖాళీ చేస్తేనే చోటు తిరిగి వస్తుంది.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. యూపీఐ యాప్ మెల్లగా నడుస్తోందని క్యాష్ తీసేయబోయి 'క్లియర్ డేటా' నొక్కాను. ఇప్పుడది కొత్త యాప్‌లా ఫోన్ నంబరు అడుగుతోంది. నా డబ్బు భద్రమేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: డబ్బు మీ బ్యాంకులో ఉంటుంది గానీ యాప్‌లో కాదు, కాబట్టి నిశ్చింతగా ఉండండి. ఖాతాకు అనుసంధానమైన నంబరు సిమ్ అదే ఫోన్‌లో ఉంచి, ఎస్ఎంఎస్ వెళ్లేలా రీఛార్జి ఉందో లేదో చూసుకుని మళ్లీ నమోదు చేసుకుంటే ఖాతా కనిపిస్తుంది. ఈ క్రమంలో సాయం చేస్తామంటూ ఎవరైనా ఫోన్ చేసి పిన్ అడిగితే చెప్పవద్దు.

ఆ రెండు మీటలూ పక్కపక్కనే పెట్టడం వల్ల ఈ పొరపాటు చాలామందికి జరుగుతోంది. మొదటి ఉత్తరంలోని జిరాక్స్ దుకాణం పోలికలోనే చెప్పాలంటే, 'క్లియర్ క్యాష్' అంటే కౌంటరు కింది కాగితాలు తీసేయడం, 'క్లియర్ డేటా' లేదా 'క్లియర్ స్టోరేజ్' అంటే దుకాణమే ఖాళీ చేసి తాళాలు అప్పగించడం. లాగిన్లు, సెట్టింగ్స్, ఆఫ్‌లైన్‌లో దాచుకున్నవి, అన్నీ పోతాయి. అలాగని క్యాష్‌ను ఎన్నడూ ముట్టుకోవద్దని కాదు. అప్‌డేట్ తర్వాత ఒక యాప్ తెరుచుకోకుండా మూసుకుపోతున్నా, పాత బొమ్మలే చూపిస్తున్నా ఆ ఒక్క యాప్ క్యాష్ తీసి చూడడం సరైన వైద్యమే. ఫలితాలు విడుదలైన రోజు మనవరాలి ఫోన్‌లో నిన్నటి పేజీయే వస్తుంటే, క్రోమ్‌లోని 'డిలీట్ బ్రౌజింగ్ డేటా'లో క్యాష్ బొమ్మలు, ఫైళ్లు అన్నచోట మాత్రమే గుర్తు ఉంచి, కుకీలు, పాస్‌వర్డ్‌ల దగ్గర గుర్తు తీసేసి తొలగించండి.

ప్రశ్న: గ్రూప్స్‌కు సిద్ధమవుతున్నాను. టెలిగ్రామ్ ఒక్కటే 9 జీబీ చూపిస్తోంది. చానెళ్లు వదులుకోలేను.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వదులుకోనవసరం లేదు. క్యాష్‌ను దానంతటదే తొలగించే ఏర్పాటు నిజంగా ఉన్న యాప్ ఇది. సెట్టింగ్స్‌లో 'డేటా అండ్ స్టోరేజ్', అందులో 'స్టోరేజ్ యూసేజ్' తెరవండి. వ్యక్తిగత చాట్‌లకు, గ్రూపులకు, చానెళ్లకు విడివిడిగా గడువు పెట్టవచ్చు. మీరు చానెళ్లకు ఒక వారం, మిగిలినవాటికి ఒక నెల పెడితే సరిపోతుందనిపిస్తోంది. మొత్తం క్యాష్ ఇంతకు మించకూడదన్న పరిమితి కూడా అక్కడే ఉంది. గడువు తీరి ఫోన్‌లోంచి పోయిన పీడీఎఫ్ టెలిగ్రామ్ సర్వర్‌లో అలాగే ఉంటుంది, నొక్కితే మళ్లీ దిగుతుంది. కానీ చానెల్ నడిపేవారే పోస్టును తీసేస్తే ఇక దొరకదు. కాబట్టి పరీక్ష దాకా కావలసిన నోట్సును డౌన్‌లోడ్స్‌లోకి విడిగా సేవ్ చేసుకుని, మిగతాది టెలిగ్రామ్‌కే వదిలేయండి.

ప్రశ్న: ఐఫోన్‌లో క్యాష్ తీసే మీట ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: అన్ని యాప్‌లకూ కలిపి అలాంటి మీట లేదు. సఫారీ క్యాష్‌ను సెట్టింగ్స్‌లో సఫారీ పేజీ నుంచి తొలగించవచ్చు. మిగిలిన యాప్‌ల విషయంలో, 2017లో ఐఓఎస్ 11తో వచ్చిన 'ఆఫ్‌లోడ్ అన్‌యూజ్డ్ యాప్స్'ను ఆన్ చేస్తే, వాడని యాప్‌ను ఫోన్ తానే తీసేసి దాని డేటాను మాత్రం అట్టిపెడుతుంది. గుర్తు మీద నొక్కితే యాప్ మళ్లీ దిగి, ఎక్కడ వదిలారో అక్కడి నుంచి మొదలవుతుంది.