గోడకు బొమ్మ బిగించడానికీ లైసెన్సా?

ప్రశ్న: మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఆర్ట్ డిగ్రీ అయింది. ఇళ్లకూ ఆఫీసులకూ వెళ్లి పెయింటింగులు, కలంకారీ ప్యానెళ్లు గోడకు బిగించే పని సొంతంగా పెట్టుకుంటానంటున్నాడు. కాంట్రాక్టర్ లైసెన్సు లేకుండా చేస్తే కేసవుతుందని ఎవరో అన్నారు. వద్దని చెప్పమంటారా?

జవాబు: వద్దనకండమ్మా. ఏ పని ఒప్పుకోవచ్చో, ఏది కూడదో ముందు తెలుసుకోమనండి చాలు.

కాలిఫోర్నియా చట్టంలో 7045 సెక్షన్ ఒకటుంది. కట్టడంలో స్థిరభాగం కాని తయారైన వస్తువులను అమ్మినా, బిగించినా లైసెన్సు అక్కర్లేదు. కొక్కేనికి తగిలించి, ఇల్లు మారేటప్పుడు తీసుకుపోయే ఫ్రేముకు ఇది వర్తిస్తుంది. బోల్టులు దించి, జిగురుతో అతికించి, పీకితే గోడే ఊడొచ్చే లోహపు ప్యానెల్ సంగతి వేరు. ఈ రెంటికీ నడుమ పడే పని వస్తే లైసెన్సు బోర్డును, అంటే సీఎస్ఎల్‌బీని, అడిగాకే ఒప్పుకోవాలి.

ఇంకో వెసులుబాటు చిన్న పనులకు. ఇదివరకు 500 డాలర్ల లోపు పనులకే ఉండేది, 2025 జనవరి 1 నుంచి 1,000 డాలర్ల లోపు చేశారు. కూలీ, సామాను అన్నీ కలిపే ఆ లెక్క. 1,800 డాలర్ల పనిని రెండు బిల్లులుగా రాస్తే చెల్లదు. బిల్డింగ్ పర్మిట్ కావలసిన పనికి ఈ వెసులుబాటు లేదు. ప్రకటన వేస్తే లైసెన్సు లేదని అందులోనే రాయాలి. కుర్రాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది మాత్రం ఇక్కడ: ఆరడుగుల ఫ్రేముకు రెండో కొస పట్టుకోవడానికి స్నేహితుణ్ని జీతానికి పెట్టుకుంటే ఈ మినహాయింపు పోయినట్టే.

లైసెన్సు కావలసిన పని అది లేకుండా చేస్తే, కస్టమర్ డబ్బు ఎగ్గొట్టినా కోర్టుకెళ్లి అడిగే హక్కుండదు. ఇచ్చిన డబ్బు కూడా వెనక్కి ఇమ్మని అతనే దావా వేయొచ్చు. కేసు కన్నా నాకు దీనికే భయం.

పెద్ద పనులే చేయాలనుకుంటే లైసెన్సున్న కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగంలో చేరమనండి. లైసెన్సుకు గత పదేళ్లలో నాలుగేళ్ల అనుభవం చూపాలి, అదీ హెల్పర్‌గా కాదు, పని సొంతంగా చేయగల స్థాయిలో. చేయి తిరగడానికీ అదే చోటు. అర అంగుళం డ్రైవాల్, అంటే గోడకు పైన కొట్టే జిప్సం పలక, వెనక చాలా ఇళ్లలో 16 అంగుళాలకొక స్టడ్, అంటే గోడను నిలబెట్టే నిలువు కర్ర, ఉంటుంది. బరువైన ఫ్రేము మేకు అందులో దిగకపోతే చిన్న భూకంపానికే బొమ్మ నేల మీదుంటుంది. తర్వాత లైసెన్సుకు 25,000 డాలర్ల బాండు, అంటే హామీ పత్రం, కావాలి. కంగారుపడకండి, అంత డబ్బు కట్టనక్కర్లేదు, ఆ హామీ ఇచ్చే ష్యూరిటీ కంపెనీకి ప్రీమియం కడితే సరిపోతుంది.

ఉద్యోగంలో చేరిన రోజునుంచే ఒక నోట్‌బుక్ పెట్టమనండి. తేదీ, చేసిన పని, ఫొటో, పక్కనున్న సూపర్‌వైజర్ పేరు. నాలుగేళ్ల తర్వాత ఆ అనుభవం నిజమని సంతకం పెట్టాల్సింది ఆ పని కళ్లారా చూసినవాళ్లే.