నల్లరేగడి పొరలు: గుంతలో ఏ లోతున ఏముంటుంది, అది పంటకు ఏం చెబుతుంది

మీరు అడిగింది ఇది: నల్లరేగడి చేలో ఫారం పాండ్ తవ్విస్తుంటే రెండడుగుల కింద నున్నగా మెరిసే పలకలు, ఇంకా కిందికి వెళ్తే తెల్ల గులకలు బయటపడుతున్నాయి. ఇది చెడ్డ భూమి అనుకోవాలా? తీసిన మట్టిని చేలో పరచవచ్చా? రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. పై అడుగు మట్టి తప్ప మిగతాది పరచకండి. మొదటిదానికి జవాబు పొరల్లోనే ఉంది. రేగడిని పై రంగు చూసి అంచనా కట్టడం వల్లే చాలా పొరపాట్లు జరుగుతాయి. నలుపు అంటే సేంద్రియ పదార్థం దండిగా ఉందని కాదు. ఉన్న కాస్త సేంద్రియ పదార్థమూ బంకమన్నుతో గట్టిగా అతుక్కుని అంత ముదురు రంగు ఇస్తుంది. పరీక్ష చేయిస్తే సేంద్రియ కర్బనం 0.5 శాతం దగ్గరే తేలడం మామూలే.

పొరలు చూడటానికి పాండ్ గోడ పనికిరాదు. జేసీబీ బకెట్ తడి మట్టిని పులిమేస్తుంది కాబట్టి సహజంగా ఉన్న పలక ఏదో, బకెట్ గీసిన గీత ఏదో తేడా తెలియదు. చేను మధ్యలో, గట్టుకూ చెట్లకూ దూరంగా, మనిషి దిగేంత వెడల్పుతో ఒకటిన్నర మీటర్ల లోతు గుంత పారతో తవ్వించండి. ఎండ పడే వైపు గోడను చాకు మొనతో పెళ్లలుగా ఊడదీయండి. చెక్కి నున్నగా చేయకూడదు. పెళ్ల ఎక్కడ విడిపోతుందో అక్కడ విడిపోనివ్వాలి. ఏప్రిల్, మే నెలల్లో చూస్తే నెర్రెల లోతు తెలుస్తుంది. అదే గుంతను వానలు వెనకబట్టాక మళ్లీ చూస్తే నీరు ఎంతవరకు దిగిందో, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. వీలైతే రెండుసార్లూ చూడండి.

పైన 15–20 సెం.మీ. దుక్కి పొర. మంచి రేగడిలో ఎండాకాలం వచ్చేసరికి పైన రెండు మూడు సెంటీమీటర్ల మట్టి తనంతట తానే జొన్నగింజ పరిమాణంలో గుల్లగా రాలి ఉంటుంది. తడిసి ఆరడం వల్ల పెళ్లలు పగిలి అలా అవుతాయి. మీ చేలో అలా రాలకుండా పైన పెంకులా గట్టిపడుతుంటే అప్పుడే సోడియం మీద అనుమానం పెట్టుకోవాలి. దాని సంగతి కింద చెప్తాను.

రెండో పొర సుమారు 20 నుంచి 60 సెం.మీ. వరకు. ఇక్కడ పెళ్లలు కోణాలు తేలి, అంచులు పదునుగా ఉంటాయి. పెళ్ల ముఖం మీద సన్నటి మెరుపు ఉంటుంది కానీ గీతలు ఉండవు. ఉబ్బిన పెళ్లలు ఒకదాన్నొకటి నొక్కుకున్న గుర్తు అది. ట్రాక్టర్లు తడిలో తిరిగిన చేలల్లో ఈ పొర మొదట్లోనే, 15–25 సెం.మీ. మధ్య, అడ్డంగా పలకలు పలకలుగా విడిపోయే గట్టి పొర దొరుకుతుంది. వేర్లు అక్కడికి వచ్చి పక్కకు తిరుగుతాయి. పత్తి తల్లివేరు వంకర తిరిగిందంటే అదే కారణం. రేగడిలో ఒక సుఖం ఏమిటంటే, బాగా ఎండనిచ్చి నెర్రెలు వారితే ఈ గట్టి పొర చాలావరకు తనే పగులుతుంది. సబ్‌సాయిలర్ (లోతుగా దిగి గట్టి పొరను చీల్చే నాగలి) వేయాలనుకుంటే మట్టి ఎండి ఉన్నప్పుడే వేయండి. తడిలో వేస్తే అది పగలదు, కోసుకుంటూ పోతుంది, కోసిన గోడ నున్నగా పులుముకుంటుంది. డీజిల్ దండగ.

మీరు చూసిన మెరిసే పలకలు మూడో పొరవి. సుమారు 60 నుంచి 120 సెం.మీ., కొన్నిచోట్ల 150 వరకు ఉంటాయి. ముఖం మీద చెయ్యి పెడితే జారుతుంది, ఒకే దిశలో సన్నటి గాళ్లు కనిపిస్తాయి, పలకలు అడ్డంగానో నిలువుగానో కాకుండా ఏటవాలుగా ఉంటాయి. పెళ్లలు ఒక చివర మందంగా, మరో చివర సన్నంగా వస్తాయి. ఇవి రోగం కాదు, అసలైన రేగడికి గుర్తులు. ఈ మట్టిలో బంకమన్ను 40–60 శాతం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. ఆ బంకమన్నులో పెద్ద వాటా స్మెక్టైట్ జాతి ఖనిజానిది. దాని రేకుల మధ్యకు నీరు చొరబడితే ఉబ్బుతుంది, పోతే కుంచించుకుంటుంది. పై పొర ఉబ్బితే పైకి లేవడానికి చోటుంది. బాగా లోతున తేమ పెద్దగా మారదు కాబట్టి అక్కడ కదలిక లేదు. మధ్యలో ఉన్న మట్టి ఉబ్బుతుంది, కానీ పక్కలా పైనా బరువు బిగించి ఉంటుంది. ఆ ఒత్తిడి తట్టుకోలేక ఒక దిమ్మ మీద ఇంకో దిమ్మ ఏటవాలుగా జారుతుంది. ఆ జారుడులో రాసుకున్న ముఖాలే ఆ పలకలు.

ఇదే కారణంగా రేగడిలో పొరల మధ్య గీత గీసినట్టు హద్దు కనిపించదు. ఎండాకాలంలో నెర్రెల్లోకి పై మట్టి రాలి మీటరు లోతుకు చేరుతుంది, వానలకు కింద ఉబ్బిన మట్టి దాన్ని పక్కకు, పైకి నెడుతుంది. పై నుంచి కింద దాకా ఒకే నలుపు కనిపించిందని అంతా ఒకే మట్టి అనుకోవద్దు. పెళ్ల ఆకారం చూస్తేనే పొర మారింది తెలుస్తుంది.

ఇక తెల్ల గులకలు. అవి సున్నపు గులకలు. ఒకటి తీసి నలిపి చూడండి, నిమ్మరసమో వెనిగరో వేయండి, బుసబుసమని పొంగుతుంది. వీటిలో రెండు రకాలను వేరు చేయాలి. గట్టిగా గుండ్రంగా ఉండి పైన నల్లటి పొర పట్టినవి పాతవి, మట్టి తిరగబడటంలో అటూ ఇటూ కొట్టుకుపోయినవి. అవి ఎక్కడ దొరికినా కంగారు లేదు. గోటితో గీస్తే రాలే మెత్తటి తెల్ల పొడి, మట్టిలో కలిసిపోయిన అంచులతో ఉంటే అది అక్కడే, ఇప్పటికీ పేరుకుంటున్న సున్నం. ఇది పైకి వచ్చేకొద్దీ జాగ్రత్త పడాలి. కాల్షియం సున్నంగా గడ్డకట్టి మట్టినీటిలోంచి తప్పుకుంటే మిగిలేవి సోడియం, మెగ్నీషియం. అవి బంకమన్నుకు అంటుకుంటాయి. అందుకే చాలా రేగడుల్లో పైన పి.హెచ్. 8 దగ్గర ఉంటే, మీటరు కింద 8.5 దాటుతుంది.

అన్నిటికంటే అడుగున ఆ నేల దేనిమీద పుట్టిందో అది ఉంటుంది. ఆదిలాబాద్ వైపు నల్లరాయి శిథిలమైన మొరం, నంద్యాల వైపు షేల్ (బంకమన్ను గట్టిపడి పొరలుగా విడిపోయే రాయి), సున్నపురాయి, కృష్ణా గోదావరి డెల్టాల్లో నది తెచ్చిన ఒండ్రు. మొరం 45 సెం.మీ.కే తగిలితే పైన ఎంత నల్లగా ఉన్నా అది తేలిక రేగడి కిందే లెక్క. ఈ లోతే పంటను నిర్ణయిస్తుంది. లోతు రేగడి మీటరుకు సుమారు 150–200 మి.మీ. నీటిని మొక్కకు అందేలా పట్టి ఉంచుతుంది. ఎకరాకు ఒక మి.మీ. అంటే దాదాపు 4 వేల లీటర్లు. అంటే మీటరు లోతున్న చేను నిండా తడిస్తే ఎకరాకు 6 నుంచి 8 లక్షల లీటర్లు నిల్వ ఉన్నట్టు. శనగ, రబీ జొన్న ఒక్క తడి కూడా లేకుండా పండేది దీనిమీదే. మొరం పైకే ఉన్న చేలో ఇందులో సగం కూడా ఉండదు.

అయితే ఇదే బంకమన్ను నీటిని గట్టిగా పట్టుకుంటుంది కూడా. బరువులో 20 శాతం పైగా తేమ ఉన్నా మొక్క వాడిపోవచ్చు. చేతికి చల్లగా తగిలింది కదా అని డ్రిప్ ఆపేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బెట్ట తర్వాత పడే 10 మి.మీ. వాన కూడా పై పొరలోనే ఇంకి, ఆవిరైపోతుంది. ఇంకుడు సంగతి కూడా విచిత్రమే: నెర్రెలు తెరిచి ఉన్నప్పుడు మొదటి వాన గటగటా దిగిపోతుంది, నెర్రెలు మూసుకున్నాక గంటకు ఒక మిల్లీమీటరు కూడా దిగకపోవచ్చు. కాలువ నీళ్లు పెట్టేవాళ్లు నెర్రెలు వెడల్పు కాకముందే పెట్టాలి. లేదంటే నీళ్లు నెర్రెల్లో పడి కిందికి పోతాయి, సాలు చివరికి చేరవు. గుంటక 4–5 సెం.మీ. లోతున తోలి నెర్రెల నోళ్లు మూసినా కొంత మేలు.

ఇంట్లో చేసుకోగలిగిన రెండు పరీక్షలు. మొదటిది ఉబ్బుడు ఎంతో తెలుసుకోవడానికి: 30 సెం.మీ. లోతు మట్టిని నీళ్లతో ముద్ద చేసి, సరిగ్గా 10 సెం.మీ. పొడవు కడ్డీ చేసి నీడన పూర్తిగా ఆరనివ్వండి. తగ్గిన పొడవును ఎండిన పొడవుతో భాగించండి. 9.1 సెం.మీ.కు తగ్గితే 0.9ని 9.1తో భాగిస్తే దాదాపు 0.10. 0.09 దాటితే చాలా ఎక్కువ ఉబ్బే నేల, షెడ్డు పునాది అయినా పైపులైను అయినా దాన్ని బట్టి చూసుకోవాలి. రెండోది సోడియానికి: మూడు లోతుల నుంచి శనగగింజంత ఎండు పెళ్లలు తీసి, వేర్వేరు గాజు గ్లాసుల్లో వాననీటిలో కదపకుండా వేయండి. పెళ్ల విడిపోయి అడుగున కుప్పపడి, నీరు తేటగా ఉంటే ఫర్వాలేదు. రెండు గంటల్లో పెళ్ల చుట్టూ పాలలాంటి మసక కమ్మితే సోడియం బంకను విడదీస్తోందని అర్థం. బోరు నీటితో చేయకండి. అందులోని లవణాలు మసకను అణిచేస్తాయి, చెడ్డ మట్టి కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

మసక వస్తే ల్యాబులో ఈ.ఎస్.పి., సి.ఇ.సి. రెండూ చేయించండి. సి.ఇ.సి. అంటే 100 గ్రాముల మట్టి కాల్షియం, సోడియం లాంటి ధాతువులను ఎంత పట్టి ఉంచగలదో చెప్పే అంకె, దాన్ని మిల్లీ ఈక్వివలెంట్లలో కొలుస్తారు. ఈ.ఎస్.పి. అంటే అందులో సోడియం వాటా ఎంత శాతమో చెప్పేది. పుస్తకాల్లో చౌడుకు హద్దు ఈ.ఎస్.పి. 15 అని ఉంటుంది గానీ, రేగడిలో అంతకన్నా బాగా ముందే నీరు ఇంకడం దెబ్బతింటుంది. జిప్సం లెక్క ఇలా: పై 15 సెం.మీ. మట్టి ఎకరాకు సుమారు 8 లక్షల కిలోలు. 100 గ్రాముల మట్టిలో ఒక మిల్లీ ఈక్వివలెంట్ సోడియం తీయడానికి ఎకరాకు దాదాపు 700 కిలోల శుద్ధ జిప్సం కావాలి. సి.ఇ.సి. 45 ఉండి ఈ.ఎస్.పి.ని 12 నుంచి 5కు దించాలంటే 3.15 మిల్లీ ఈక్వివలెంట్లు, అంటే 2.2 టన్నులు. కొన్న జిప్సం శుద్ధత తక్కువైతే ఆ మేరకు పెంచాలి. వేశాక కలియదున్ని, నీరు కట్టి కిందికి దించాలి. మురుగు పోయే దారి లేకపోతే విడిపోయిన సోడియం అక్కడే ఉంటుంది, ఖర్చు మాత్రం మిగులుతుంది.

పోషకాల సంగతి క్లుప్తంగా. పొటాష్ సాధారణంగా బాగానే ఉంటుంది, నత్రజని, భాస్వరం, జింకు తక్కువ. సున్నం భాస్వరాన్ని బిగించేస్తుంది కాబట్టి వెదజల్లడం కంటే విత్తనం పక్కన సాలులో వేయడం మేలు. యూరియా పైపైన చల్లితే ఈ పి.హెచ్.కు అమ్మోనియాగా ఎగిరిపోతుంది, 5 సెం.మీ. కింద పడేలా వేసి మట్టి కప్పాలి. జింక్ సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలు, భాస్వరం ఎరువుతో కలపకుండా విడిగా. వేరుశనగ లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో తెల్లబడితే ఇనుపధాతు లోపం. నేలలో వేసి ప్రయోజనం ఉండదు, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీటిలో కలిపి పిచికారీ చేయాలి.

దుక్కికి పదును చూడటం ఇలా: 15 సెం.మీ. లోతు మట్టి అరచేతుల మధ్య దారంలా నలపండి. పెన్సిల్‌లో సగం మందానికి వచ్చినా తెగకపోతే ఇంకా తడి ఎక్కువ, దిగవద్దు. చిట్లిపోతే దిగవచ్చు. ఈ పదును రోజుల లెక్కనే ఉంటుంది. దాటితే పెద్ద బెడ్డలు లేస్తాయి. లేచినా కొట్టి చితకనక్కర్లేదు, తొలకరికి వాటంతట అవే విరుగుతాయి. ఖరీఫ్‌లో నీరు నిలిచే చేలకు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) రూపొందించిన వెడల్పు మడి–కాలువ పద్ధతి నప్పుతుంది: మీటరు వెడల్పు మడి, అర మీటరు కాలువ, వాలు 0.4–0.8 శాతం. కాలువ చివర నీళ్లు పోయే చోటు లేకుండా మడులు కడితే మాత్రం ఉన్న మురుగును వరసలుగా పంచినట్టే. ఇసుక తోలిస్తే బరువు తగ్గుతుందని ఎవరైనా చెబితే లెక్క వేయండి. పై 15 సెం.మీ.లో బంకమన్ను 55 శాతం నుంచి 40కి దించడానికి ఎకరాకు 300 టన్నుల ఇసుక కావాలి.

ఇప్పుడు మీ పాండ్ మట్టి. పై 30 సెం.మీ. విడిగా తీసి కుప్పపెట్టండి, చేలో పరిస్తే అదొక్కటే పరచాలి. ఆ కింది మట్టిలో సేంద్రియ పదార్థం తక్కువ, భాస్వరం, జింకు తక్కువ, సున్నం ఉంది, మీటరు కిందిదైతే సోడియం కూడా ఉండొచ్చు. అది పైకి వస్తే వానకు పెంకు కట్టి మొలక రాదు. ఆ మట్టిని గట్టుకు వాడుకోండి, పైన పక్కకు పెట్టిన మట్టి ఒక పొర వేసి గడ్డి పట్టించండి. పాండ్ గోడలు నిలువుగా తీయించవద్దు. ఆ మెరిసే పలకల మీదుగానే గోడ జారుతుంది కాబట్టి ఒక మీటరు లోతుకు ఒకటిన్నర మీటర్ల వాలు ఇవ్వాలి. అడుగు మొరం తగలకముందే ఆపగలిగితే తడిసిన రేగడే నీటిని ఆపుతుంది, షీటు అవసరం రాదు. మొరం తగిలేదాకా తవ్వేసి ఉంటే ఆ అడుగు మీద కనీసం అరమీటరు రేగడి తిరిగి పోయించి, తడిపి తొక్కించాకే నీళ్లు నింపండి.