కొత్త కంప్యూటర్‌లో విండోస్ 7 వేయవచ్చా? పాత పేజ్‌మేకర్ పని ఎలా నడుపుకోవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: గుణుపురంలో మీ నాన్నగారి ప్రెస్‌లో పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది, హార్డ్ డిస్క్ మాత్రం బాగానే ఉంది. కొత్తగా పన్నెండో జనరేషన్ ఐ3 కొన్నారు, విండోస్ 11తో వచ్చింది. పెళ్లికార్డుల ఫైళ్లన్నీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి కాబట్టి 11 తీసేసి 7 వేయించుకుందామనుకుంటున్నారు. షాపువాడు ఒకరోజు అవుతుందంటాడు, ఇంకోరోజు కాదంటాడు.

నేను పర్లాకిమిడిలో డీటీపీ చేస్తాను. ఒకే పెళ్లికి పాతపట్నం వైపు చుట్టాలకు తెలుగులో, ఇక్కడివాళ్లకు ఒడియాలో కార్డు వేయించుకునేవాళ్లు మాకు మామూలే, కాబట్టి మీ నాన్నగారి టెన్షన్ నాకు బాగా తెలుసు. నా సలహా: విండోస్ 11 తీయకండి. 7ను దాని లోపలే వర్చువల్ మెషీన్‌గా, అంటే ఒక ప్రోగ్రామ్ లోపల నడిచే కంప్యూటర్‌గా పెట్టుకోండి. మా షాపులో రోజూ పని అలాగే నడుస్తోంది.

నేరుగా వేయడం ఎందుకు కుదరదో ముందు చెబుతాను. లేకపోతే మీ షాపువాడు మళ్లీ "చేసిపెడతాను సార్" అంటాడు.

విండోస్ 7 వచ్చింది 2009 అక్టోబరులో. అప్పటికి యూఎస్‌బీ 3 ఇంకా మామూలు మెషీన్లలోకి రాలేదు, అందుకే దాని డ్రైవర్ 7లో లేదు. 2015లో వచ్చిన ఆరో జనరేషన్ నుంచి ఇంటెల్ పాత రకం యూఎస్‌బీ కంట్రోలర్‌ని తీసేసింది. దాంతో ఇన్‌స్టాలేషన్ మొదలై భాష ఎంచుకోమనే స్క్రీన్ వస్తుంది, కీబోర్డూ మౌసూ మాత్రం కదలవు. లేదా సీడీ డ్రైవ్ డ్రైవర్ లేదని మెసేజ్ వచ్చి అక్కడే ఆగిపోతుంది. సీడీ అసలు వాడకుండా పెన్‌డ్రైవ్‌తో వేస్తున్నప్పుడు కూడా ఆ మెసేజ్ వస్తుంది, చూసినవాళ్లకు మతిపోతుంది. కొన్ని బోర్డులకు ఇప్పటికీ వెనక గుండ్రటి పీఎస్/2 పోర్టు ఉంటుంది. పాత కీబోర్డు దానికి పెట్టి ముందుకు వెళ్లొచ్చు, లేదా డ్రైవర్లను ముందే ఇన్‌స్టాలర్‌లో కలిపి పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవచ్చు. ఆ గండం దాటితే డిస్క్ కనిపించదు. మీ కొత్త మెషీన్‌లో ఎన్వీఎంఈ ఎస్ఎస్‌డీ (కొత్తరకం వేగమైన డిస్క్) ఉంటే దాని డ్రైవర్ కూడా 7లో లేదు. కేబీ2990941 అనే ప్యాచ్‌ని విడిగా కలపాలి.

ఇవన్నీ ఎలాగో ఒకలా దాటేవే. అసలు అడ్డం గ్రాఫిక్స్ దగ్గర. విండోస్ 7 తెర మీద బొమ్మ వేయడానికి పాత బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) పద్ధతిని నమ్ముకుంటుంది. కొత్త బోర్డుల్లో ఆ పాత పద్ధతిని నడిపే సీఎస్ఎం అనే సెట్టింగ్‌ని చాలావరకు తీసేశారు. ఒకవేళ బోర్డులో ఉన్నా, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని డిస్‌ప్లేతోనే నడిచే మెషీన్లలో అది పనిచేయదు. అప్పుడు "స్టార్టింగ్ విండోస్" దగ్గరే ఆగిపోతుంది. ఇంటెల్ 7 కోసం డిస్‌ప్లే డ్రైవర్ ఇచ్చింది ఆరో జనరేషన్ వరకే. మీది పన్నెండోది. ఎవరైనా తంటాలు పడి ఎక్కించినా స్క్రీన్ రిజల్యూషన్ సరిగా రాదు, రంగులు, అక్షరాల అంచులు చూసుకోలేరు. డీటీపీకి అది ఎందుకు పనికొస్తుంది?

ఇంకోమాట. కొందరు టెక్నీషియన్లు "లైట్" అనీ "మోడిఫైడ్" అనీ ఎవరో మార్చిపెట్టిన విండోస్ 7 కాపీ తెచ్చి వేస్తారు. మా ఊళ్లో ఒకాయన నా స్నేహితుడి మెషీన్‌కి అలాగే వేసి వెళ్లాడు, ఆ తర్వాత బ్రౌజర్ తెరిస్తే తెలియని పేజీలు వాటంతటవే వచ్చేవి. కస్టమర్ల ఫోన్ నంబర్లు, జీఎస్టీ బిల్లులు ఉండే మెషీన్‌లో అలాంటిది పెట్టనివ్వకండి. అసలైన 7కి కూడా మామూలు సపోర్టు 2020 జనవరి 14తో ముగిసింది, క్రోమ్ 109 తర్వాతి వెర్షన్లేవీ దాని మీద ఎక్కవు. 7తో నెట్‌కి వెళ్లాలనే ఆలోచనే వద్దు.

ఇక చేయాల్సింది. అన్నిటికంటే ముందు పాత హార్డ్ డిస్క్‌ని సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో కొత్త మెషీన్‌కి తగిలించి, ఫైళ్లూ ఫాంట్ల ఫోల్డరూ మొత్తం కాపీ చేసుకోండి. మిగతా ప్రయోగాలు ఆ తర్వాతే.

రెండోది, పేజ్‌మేకర్ 7ని నేరుగా విండోస్ 11లోనే వేసి చూడండి. అది 32-బిట్ ప్రోగ్రామ్, కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఎక్స్‌పీ ఎంచుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే చాలా మెషీన్లలో నడుస్తుంది. నాకూ తెరుచుకుంది. కానీ నా దగ్గరున్న పాత కీబోర్డు ప్రోగ్రాముల్లో ఒకటి ఎక్కనే లేదు. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి ఇన్‌స్టాలర్ 16-బిట్‌ది ఉంటుంది, 64-బిట్ విండోస్‌లో 16-బిట్‌వి నడవవు, విండోస్ 11లో 32-బిట్ వెర్షనే లేదు. ఆ కీబోర్డు ప్రోగ్రామ్ లేకుండా టైపింగ్ కుదరదు. అను ఫాంట్లలో మనం చూసే తెలుగు అక్షరం లోపల ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాగి ఉంటుంది. ఒడియా ఆకృతి ఫాంట్లదీ అదే కథ. ఫాంట్ తీసేస్తే కార్డంతా అర్థంలేని గుర్తులు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తేడాలు వస్తాయి. పెళ్లికొడుకు పేరులో వత్తు ఎగిరిపోతే మాట పడాల్సింది మనమే కాబట్టి పాత కార్డులన్నిటినీ మార్చే పని నేను పెట్టుకోలేదు.

అలా కుదరకపోతే వర్చువల్ మెషీన్ నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్. ఉచితమే. ముందు బయోస్‌లో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. మీ పాత డిస్క్ బాగుంది కాబట్టి 7ను కొత్తగా వేయాల్సిన పనిలేదు, మీ నాన్నగారి డెస్క్‌టాప్‌ని ఉన్నది ఉన్నట్టుగా తెచ్చుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ఉచిత టూల్ ఉంది, అది డిస్క్‌ని వీహెచ్‌డీ అనే ఒక ఫైల్‌గా చేసిపెడుతుంది. పాత డిస్క్ తగిలించి ఉండగా దాన్ని తెరిచి, ఆ డిస్క్ పార్టిషన్లకు మాత్రమే టిక్ పెట్టండి. సిస్టమ్ రిజర్వ్‌డ్ అని ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది, దానికి డ్రైవ్ అక్షరం ఉండదు, వదిలేయకండి, బూట్ అయ్యేది దాన్నుంచే. వీహెచ్‌డీఎక్స్ అనే టిక్ తీసేయండి. వర్చువల్‌బాక్స్‌కి మామూలు వీహెచ్‌డీయే నప్పుతుంది. వచ్చిన ఫైల్‌ని కొత్త వర్చువల్ మెషీన్‌కి డిస్క్‌గా ఇవ్వండి. యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) టిక్ పెట్టొద్దు. 32-బిట్ 7కి 2 జీబీ ర్యామ్ చాలు.

మొదటిసారి ఆన్ చేయగానే 7బీ అనే నంబరుతో నీలం తెర వస్తే కంగారు పడకండి. పాత మెషీన్‌లో డిస్క్ పాతరకం ఐడీఈ మోడ్‌లో ఉందా, కొత్తరకం ఏహెచ్‌సీఐలో ఉందా అన్న తేడా వల్ల వచ్చేదే అది. స్టోరేజ్ సెట్టింగ్స్‌లో డిస్క్‌ని సాటా నుంచి తీసి ఐడీఈ కింద పెట్టి మళ్లీ ఆన్ చేయండి. హార్డ్‌వేర్ మారింది కాబట్టి విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది. మెషీన్‌తోపాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ మెషీన్‌కే పరిమితం, విడిగా కొన్న రిటైల్‌దైతే మార్చుకోవచ్చు.

విండో కింది మూల ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్ 11 తన భద్రత కోసం వర్చువలైజేషన్‌ని ముందే పట్టుకుని కూర్చుందని అర్థం. పని కొంచెం మందగిస్తుంది. మెమరీ ఇంటెగ్రిటీ అనే ఆ భద్రతా సెట్టింగ్‌ని ఆఫ్ చేయమని చాలామంది చెబుతారు గానీ, కార్డుల పనికి ఆ తాబేలు వేగం సరిపోతుంది. నేను ముట్టుకోలేదు.

నెట్‌వర్క్‌ని నాట్ అటాచ్డ్ అని పెట్టేయండి. లోపలి 7లో గెస్ట్ అడిషన్స్ అనే వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు వేసి ఒక షేర్డ్ ఫోల్డర్ ఇస్తే, నెట్ లేకపోయినా ఫైళ్లు అటూఇటూ మారతాయి. ప్రింటర్‌ని లోపలి 7కి కలిపే ప్రయత్నం చేయొద్దు. లోపల పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో వేసి, విండోస్ 11 నుంచి ప్రింట్ ఇవ్వండి. ప్లేట్లు వేసేవాళ్లూ ఇప్పుడు పీడీఎఫే అడుగుతున్నారు కాబట్టి అదనపు పనేమీ కాదు.

ఇందులో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. మెషీన్ మొత్తం ఒక ఫోల్డర్. ఆపి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయినట్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఎలా కుదిపేసిందో మీ గుణుపురం వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గాలివాన హెచ్చరిక వచ్చిందంటే నేను ముందు ఆ డిస్క్‌నే ఇంటికి తీసుకెళ్తాను.

ఇవన్నీ కుదరనిది ఒకే సందర్భంలో. మీ సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే తాళం లాంటి చిన్న పరికరం) ఉండి, అది పాత ప్రింటర్ పోర్టుకి పెట్టే వెడల్పాటిదైతే వర్చువల్‌బాక్స్‌లో దానితో తలనొప్పే. అప్పుడు ఆ పోర్టు ఉన్న సెకండ్‌హ్యాండ్ నాలుగో జనరేషన్ మెషీన్ చూసుకుని, ఈ పాత డిస్క్ దానికే పెట్టడం నయం. యూఎస్‌బీ డాంగిలైతే సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ ఫిల్టర్ కింద దాన్ని చేర్చితే లోపలికి కనిపిస్తుంది. డాంగిల్ ఉందా, ఉంటే ఏ రకమో నాన్నగారిని అడిగి రాయండి. పాత డిస్క్‌లో 7 ఉన్నది 32-బిట్టా, 64-బిట్టా అన్నది కూడా చెప్పండి.