గడ్డి దిబ్బ కాదు, రాజధాని కోట

ప్రశ్న: మా పెద్దోడు కొరియాల చదువుతుండు. సియోల్‌ల అపార్టుమెంట్ల నడుమ గడ్డి మొలిచిన కట్ట ఫోటో పంపి, ఇది పాత రాజధాని కోటగోడ అన్నడు. ఉట్టి మట్టి అన్ని వందల ఏండ్లు ఎట్ల నిలిచింది? మా ఊరి బురుజు గూడ మట్టిదే, ముసురు పడితే పెళ్లలు రాలుతున్నయి. సిమెంటు పూయిస్తే ఆగుతదా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఆ ఫోటోలోది పుంగ్నాప్ మట్టికోట అయి ఉండాలి. కొరియాలోని పాత రాజ్యం బెక్జే, దాని రాజుల తొలి రాజధాని హాన్‌సంగ్ ఇదేనని ఎక్కువమంది పండితుల మాట. క్రీ.శ. 475లో ఉత్తరాన ఉన్న మరో కొరియా రాజ్యం గోగుర్యో రాజు జాంగ్సు దాన్ని గెలిచాక బెక్జేవాళ్లు దక్షిణానికి తరలిపోయారు.

దాన్ని గోడ అనకండి, చెరువు కట్ట అనుకోండి. తవ్వి చూసినచోట అడుగున వెడల్పు సుమారు 43 మీటర్లు, ఎత్తు 11. అంటే ఎత్తుకు దాదాపు నాలుగింతల పీఠం. పానగల్లు ఉదయసముద్రం కట్ట ఎక్కినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. మట్టిని పలచగా పరిచి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టి, ఆపైన మరో పొర వేశారు. కొన్ని పొరల నడుమ ఆకులు, కొమ్మలు పరిచి బంకమట్టి కప్పారు. అవి మట్టి జారకుండా పట్టి ఉంచుతాయి, లోపల చేరిన నీటికి దారిస్తాయి. ఏటి ఒడ్డు నేలకు అదే అసలు కిటుకు. అయినా 1925లో హాన్ నది వరద పడమటి వైపు కట్టను చాలావరకు ఊడ్చుకుపోయింది. మొదట చుట్టుకొలత 3.5 కిలోమీటర్ల దాకా ఉండేది.

మీ బురుజు సంగతి వేరు. మన దగ్గర మట్టిని తడిపి తొక్కి, వరుస మీద వరుస పెడతారు. పైగా నిలువు గోడ, కాబట్టి ముప్పు పైనుంచీ అడుగునుంచీ ఉంటుంది. సిమెంటు మాత్రం వద్దు. లోపలి తేమ బయటికి రాలేక పూత వెనకే మట్టి మెత్తబడుతుంది, ఒకనాడు పూతతో సహా పెద్ద పెళ్లే ఊడుతుంది. ముందు పైభాగాన గుంతలు పూడ్చి, నీళ్లు బయటికి జారేలా వాలు పెట్టండి. రావి, వేప మొలకలను పీకకుండా మొదలుకంటా కోయండి, పీకితే వేరుతో మట్టీ వస్తుంది. బురుజు అడుగున నీళ్లు నిలవకుండా కాలువ తీయండి. తర్వాతే పూత. రాలిన పాత మట్టినే జల్లించి, తరిగిన వరిగడ్డి కలిపి, రెండు మూడు రోజులు నానబెట్టి, గోడను తడిపి పలచగా రెండుసార్లు పూయండి. ఒకేసారి మందంగా పూస్తే ఎండేటప్పుడు బీటలిస్తుంది. సంక్రాంతి దాటాక మొదలుపెడితే వానలలోపు ఆరుతుంది.

మీ అబ్బాయిని ఒలింపిక్ పార్కులో ఉన్న హాన్‌సంగ్ బెక్జే మ్యూజియంకు వెళ్లమనండి. ఆ కట్ట అడ్డకోతను అక్కడ నిలువెత్తున నిలబెట్టారు, మట్టి పొరలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.